రాష్ట్రంలో బెస్ట్ కుర్రాళ్లను వరుసగా మూడేళ్లు తెచ్చినా ఆర్చీ మిల్లర్ ఉద్యోగం ఎందుకు పోయింది?

మీరు అడిగింది ఇది. ఇండియానా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్ ఆర్చీ మిల్లర్ 2018, 2019, 2020లో ఆ రాష్ట్రంలో బెస్ట్ హైస్కూల్ ప్లేయర్‌గా ఎంపికైన కుర్రాడిని ప్రతి ఏడాదీ తన జట్టులోకే తెచ్చుకున్నారు, అయినా 2021 మార్చిలో ఆయన్ని తీసేశారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, సొంత రాష్ట్రం పిల్లల్ని తెచ్చుకునే కోచ్ ఉద్యోగానికి ఢోకా ఉండదని ఆ యూనివర్సిటీ ఉన్న బ్లూమింగ్టన్‌లో చదువుతున్న మీ తమ్ముడి స్నేహితులు గట్టిగా చెబుతున్నారు, మరి ఇదెలా జరిగింది? ఇప్పుడున్న కోచ్ డారియన్ డెవ్రీస్‌ని కూడా ఇదే కొలతతో చూడాలా?

సూటిగా చెప్తాను. సొంత రాష్ట్రం పిల్లలు కోచ్‌కి టైమ్ సంపాదించి పెడతారు. ఆ టైమ్‌లో గెలవకపోతే వాళ్లు కూడా కాపాడలేరు. ఇంకో మాట కూడా ఉంది, నా దృష్టిలో అదే అసలు విషయం: రాష్ట్రం నుంచి ఎవరిని తెచ్చారు అనేదానికంటే, వచ్చినవాళ్లు ఎన్నాళ్లు ఉన్నారు, మూడో ఏడు నాలుగో ఏడు వచ్చేసరికి ఎలాంటి ఆటగాళ్లయ్యారు అనేదే కోచ్ భవిష్యత్తును తేలుస్తుంది. నేను ఇండియానాలో స్థిరపడి చాలా ఏళ్లయింది, పిల్లలు ఆడటం మొదలుపెట్టాక హైస్కూల్ జిమ్‌లలో స్కోరర్ టేబుల్ దగ్గర వాలంటీర్‌గా కూర్చోవడం, వేసవిలో ఊరూరా టోర్నమెంట్లకు కార్లో తిప్పడం మా ఇంట్లో మామూలైపోయింది. కాలేజీ కోచ్‌లు ఆ జిమ్‌లకు ఎప్పుడు వస్తారు, ఎవరి పక్కన కూర్చుంటారు, ఎవరితో మాట్లాడకుండా వెళ్లిపోతారు అన్నది అక్కడివాళ్లు ఎంత శ్రద్ధగా గమనిస్తారో దగ్గరగా చూశాను కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

ముందు ఆ రాష్ట్రంలో ఈ ఆటకున్న స్థానం అర్థం కావాలి, లేకపోతే మిగతాదంతా అతిశయోక్తిలా అనిపిస్తుంది. 1954లో 161 మంది విద్యార్థులున్న మిలన్ అనే చిన్న ఊరి స్కూలు, మన్సీ సెంట్రల్ లాంటి పెద్ద స్కూలుని 32-30తో ఓడించి రాష్ట్ర ఛాంపియన్ అయింది, ఆ కథ ఇప్పటికీ అక్కడ పిల్లలకు చెబుతారు. 1990లో డేమన్ బెయిలీ అనే కుర్రాడు ఆడిన హైస్కూల్ ఫైనల్‌కి 41,046 మంది వచ్చారు. హైస్కూల్ మ్యాచ్‌కి! అమెరికాలోని పెద్ద హైస్కూల్ జిమ్‌లలో ఎక్కువ భాగం ఈ ఒక్క రాష్ట్రంలోనే ఉన్నాయి. ప్రతి ఏడాదీ హైస్కూల్ చివరి ఏడాది చదువుతున్న ఆటగాళ్లలో ఒకరికి 'మిస్టర్ బాస్కెట్‌బాల్' అని బిరుదు ఇస్తారు, అది 1939 నుంచి నడుస్తోంది. ఆ కుర్రాడు ఏ యూనివర్సిటీకి వెళ్తున్నాడన్నది మన దగ్గర ఇంటర్‌లో స్టేట్ ఫస్ట్ వచ్చిన పిల్లాడు ఏ ఐఐటీలో చేరాడో మాట్లాడుకున్నట్టు ఊరంతా మాట్లాడుకుంటారు.

ఆ పైన ఇండియానా యూనివర్సిటీ చరిత్ర బరువు ఒకటి. 1940, 1953, 1976, 1981, 1987 అని అయిదు జాతీయ ఛాంపియన్‌షిప్ బ్యానర్లు జట్టు సొంత స్టేడియం అసెంబ్లీ హాల్లో వేలాడుతుంటాయి, చివరి మూడూ కోచ్ బాబ్ నైట్ కాలంవి. 1976లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 32-0తో గెలిచిన జట్టులో కెంట్ బెన్సన్ న్యూ కాజిల్ కుర్రాడు, బాబీ విల్కర్సన్ ఆండర్సన్ కుర్రాడు, టామ్ అబర్నతీ సౌత్ బెండ్ కుర్రాడు. 1987 జట్టుకి ప్రాణం స్టీవ్ ఆల్ఫర్డ్, ఆయనదీ న్యూ కాజిలే. అభిమానుల మనసులో ముద్రపడిపోయింది ఇదే, మన పిల్లలు మన జట్టుకి ఆడితేనే బ్యానర్ వస్తుంది అని. అయితే చాలామంది పక్కన పెట్టేసే విషయం ఒకటుంది. 1976 జట్టులో స్కాట్ మే ఒహాయో నుంచి, క్విన్ బక్నర్ ఇల్లినాయ్ నుంచి వచ్చారు. 1981లో ఐజయా థామస్ షికాగో వాడు. 1987 ఫైనల్లో ఆఖరి బాస్కెట్ వేసిన కీత్ స్మార్ట్ లూసియానాలో పుట్టి, కాన్సస్‌లోని ఒక జూనియర్ కాలేజీ నుంచి వచ్చినవాడు. అంటే బ్యానర్ వచ్చిన ప్రతిసారీ ఇంటి పిల్లలు వెన్నెముకగా ఉన్నారు, బయటివాళ్లు కూడా అంతే ముఖ్యంగా ఉన్నారు. ఈ రెండో సగం జనానికి గుర్తుండదు.

ఇప్పుడు టైమ్ సంపాదించి పెట్టడం అన్న మాటకొద్దాం. దానికి మంచి ఉదాహరణ మిల్లర్ కంటే ముందున్న టామ్ క్రీన్. 2008లో ఆయన వచ్చేసరికి, ఆటగాళ్లకు చేసిన ఫోన్ కాల్స్ విషయంలో రూల్స్ ఉల్లంఘన వల్ల అంతకు ముందు కోచ్ కెల్విన్ శాంప్సన్ వెళ్లిపోయి జట్టు ఖాళీ అయిపోయి ఉంది. క్రీన్ మొదటి మూడు సీజన్లలో గెలిచినవి 6, 10, 12. మూడేళ్లలో మొత్తం 28 మ్యాచ్‌లు. ఇంకెక్కడైనా ఉద్యోగం పోయేది. ఇక్కడ పోలేదు, దానికి ఒక కారణం అందరికీ తెలిసిన ఆ పాడుబడిన పరిస్థితి, రెండోది కోడీ జెల్లర్. వాషింగ్టన్ అనే చిన్న ఊరి కుర్రాడు, ముగ్గురు అన్నదమ్ములూ మిస్టర్ బాస్కెట్‌బాల్ అయిన కుటుంబం. పెద్దవాడు నోటర్ డేమ్‌కి, రెండోవాడు నార్త్ కరొలైనాకి వెళ్లిపోయాక మూడోవాడు ఇండియానాకి వస్తానన్నాడు. ఆ ఒక్క మాటతో రాష్ట్రంలో గాలి మారింది. 2011-12లో 27 విజయాలు, 2013లో బిగ్ టెన్ (ఇండియానా ఆడే కాలేజీల లీగ్) టైటిల్, దేశంలో నంబర్ వన్ ర్యాంకు.

మరి అదే క్రీన్, 2016లో మళ్లీ బిగ్ టెన్ టైటిల్ గెలిచి, సరిగ్గా ఏడాదికి 2017 మార్చిలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. 18 గెలుపులు, 16 ఓటములతో ఒక చెడ్డ సీజన్, అంతే. ఎందుకంత త్వరగా? ఆయనకి రాష్ట్రంలో మిగిలిన అభిమానం అప్పటికే కరిగిపోయింది. 2012లో మిస్టర్ బాస్కెట్‌బాల్ గ్యారీ హారిస్ మిషిగన్ స్టేట్‌కి వెళ్లాడు. 2013లో జాతీయ ఫైనల్ ఆడిన మిషిగన్ జట్టు చూడండి, గ్లెన్ రాబిన్సన్, మిచ్ మెగ్యారీ, స్పైక్ ఆల్బ్రెక్ట్ ముగ్గురూ ఉత్తర ఇండియానా కుర్రాళ్లే. ట్రే లైల్స్ చిన్నప్పుడే ఇండియానాకి మాటిచ్చి తర్వాత వెనక్కి తీసుకుని కెంటకీకి వెళ్లాడు. 2016 మిస్టర్ బాస్కెట్‌బాల్ కైల్ గై వర్జీనియాకి వెళ్లి 2019లో అక్కడ జాతీయ ఛాంపియన్ అయ్యాడు. క్రీన్ బయటి నుంచి తెచ్చినవాళ్లు తక్కువవాళ్లేం కాదు, మేరీల్యాండ్ నుంచి విక్టర్ ఒలాడిపో, మిజోరీ నుంచి ఓజీ అనునోబీ, ఇద్దరూ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో పేరు తెచ్చుకున్నారు, అలాంటి ఆటగాళ్లను కనిపెట్టడం గొప్ప విద్య అని నేను ఇప్పటికీ అంటాను. కానీ ఒక చెడ్డ సీజన్ వచ్చినప్పుడు కోచ్ తరఫున మాట్లాడే హైస్కూల్ కోచ్‌లు, ఊళ్లు, కుటుంబాలు రాష్ట్రంలో ఉండాలి. క్రీన్‌కి అప్పటికి అలాంటివాళ్లు పెద్దగా మిగల్లేదు.

అందుకే డేటన్ యూనివర్సిటీ నుంచి ఆర్చీ మిల్లర్‌ని తెచ్చినప్పుడు ముందు రాష్ట్రం లోపల, ఆ తర్వాతే బయట అన్న మాట మొదటి రోజు నుంచే వినిపించింది. ఆయన మాట నిలబెట్టుకున్నారు, అందులో అనుమానం లేదు. 2018లో న్యూ ఆల్బనీ నుంచి రోమియో లాంగ్‌ఫర్డ్, కాన్సస్‌నీ వాండర్‌బిల్ట్‌నీ కాదని వచ్చాడు. 2019లో సెంటర్ గ్రోవ్ నుంచి ట్రేస్ జాక్సన్-డేవిస్. 2020లో బ్లూమింగ్టన్ సౌత్ నుంచి ఆంథొనీ లీల్. వీళ్లు ముగ్గురూ మిస్టర్ బాస్కెట్‌బాల్ బిరుదు పొందినవాళ్లే. వీళ్లు కాక లాఫయెట్ నుంచి రాబ్ ఫినిసీ, ఇండియానాపొలిస్ నుంచి అర్మాన్ ఫ్రాంక్లిన్, కల్వర్ నుంచి ట్రే గాలోవే, ఎవాన్స్‌విల్ నుంచి క్రిస్టియన్ ల్యాండర్. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి?

కోర్టు మీద చూద్దాం. 2018-19 సీజన్ 12-2తో మొదలైంది. ఆ తర్వాత ఆడిన 13 మ్యాచ్‌లలో 12 ఓడిపోయారు. లాంగ్‌ఫర్డ్ బొటనవేలి గాయంతోనే సీజనంతా ఆడి, ఒక్క ఏడాదితో ఎన్‌బీఏకి వెళ్లిపోయాడు. తన తప్పేం లేదు, అంత టాలెంట్ ఉన్న కుర్రాడు వెళ్లడమే సహజం, కానీ రాష్ట్రమంతా ఎదురుచూసిన కుర్రాడితో కూడా జాతీయ ఛాంపియన్‌ని తేల్చే ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి వెళ్లలేకపోయారు. 2019-20లో 20-12, ఆ ఏడాది చోటు దొరికేదేమో, కోవిడ్ వల్ల టోర్నమెంటే రద్దయింది, అది నిజంగా మిల్లర్ దురదృష్టం. 2020-21లో 12-15, చివరి ఆరు మ్యాచ్‌లూ వరుసగా ఓటమి. ఆ ఏడాది కోవిడ్ కారణంగా ఎన్‌సీఏఏ టోర్నమెంట్ మొత్తాన్నీ ఇండియానా రాష్ట్రంలోనే పెట్టారు, అసెంబ్లీ హాల్లో కూడా మ్యాచ్‌లు జరిగాయి. దేశం నలుమూలల నుంచి జట్లు వచ్చి వీళ్ల సొంత హాల్లో ఆడుతుంటే ఇండియానా యూనివర్సిటీ అందులో లేదు. జట్ల జాబితా ప్రకటించిన మర్నాడు, మార్చి 15న మిల్లర్‌ని తీసేశారు. నాలుగేళ్లలో 67 విజయాలు, 58 ఓటములు, ఒక్కసారి కూడా ఆ టోర్నమెంట్ ఆడలేదు.

అన్నిటికంటే మించి, ఇదే రాష్ట్రంలోని ప్రత్యర్థి యూనివర్సిటీ పర్డ్యూతో ఏడు సార్లు ఆడి ఏడు సార్లూ ఓడిపోయారు. ఉద్యోగ భద్రత గురించి మీరు ఒకే ఒక్క అంకె గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి. మిల్లర్ ఇంట గెలిచింది కుర్రాళ్ల ఇళ్లలో, వాళ్ల అమ్మానాన్నల ముందు. అభిమానులకు ఇంట గెలవడమంటే పర్డ్యూని ఓడించడం.

ఎక్కడ తేడా కొట్టింది అంటే, నా అభిప్రాయం ఇది. పేరున్న కుర్రాళ్లను తెచ్చారు గానీ వాళ్లు ఒకరికొకరు సరిపోయే జట్టు తయారు చేయలేదు. దూరం నుంచి షూటింగ్ ప్రతి ఏడాదీ బలహీనంగానే ఉండేది, ఎదుటి జట్లు లోపలికి దిగిపోయి జాక్సన్-డేవిస్‌ని చుట్టుముట్టేవి. ల్యాండర్ సంగతి నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. అతను 2021లో రావాల్సిన కుర్రాడు, ఒక ఏడాది ముందే హైస్కూల్ ముగించుకుని వచ్చేశాడు, దేశంలో పెద్ద ర్యాంకు ఉన్నవాడు, పెద్ద వయసు ఆటగాళ్ల మధ్య శరీరం ఇంకా తయారు కాకుండానే దిగాడు, నిలదొక్కుకోలేక చివరికి వెస్టర్న్ కెంటకీకి మారాడు. గెలుపు అత్యవసరమైన కోచ్ దగ్గరికి ఓపిక అవసరమైన పిల్లాడు వెళ్తే ఇద్దరికీ నష్టమే. మీ తమ్ముడి స్నేహితులు ర్యాంకులు మాత్రమే చూసి మాట్లాడుతున్నారు, ఆ ర్యాంకు వెనక పద్దెనిమిదేళ్లు కూడా నిండని పిల్లవాడు ఉంటాడని మర్చిపోతున్నారు.

ఇక పర్డ్యూ. మాట్ పెయింటర్ మన్సీ దగ్గర పెరిగినవాడు, పర్డ్యూలోనే ఆడి, 2005 నుంచి అక్కడే హెడ్ కోచ్. 2007లో రాబీ హమ్మెల్, ఈట్వాన్ మోర్, జాజువాన్ జాన్సన్, స్కాట్ మార్టిన్ అని నలుగురు ఇండియానా కుర్రాళ్లను ఒకే ఏడాది తెచ్చి ప్రోగ్రామ్‌ని నిలబెట్టారు. తర్వాత 2012-13లో 16-18, 2013-14లో 15-17, బిగ్ టెన్‌లో అట్టడుగున. రెండేళ్లు వరుసగా ఓటములు ఎక్కువ. అప్పుడు ఆయన్ని మార్చాలన్నవాళ్లు తక్కువేం లేరు. యూనివర్సిటీ మార్చలేదు. సొంత మనిషి అన్న గౌరవం, 2007 కుర్రాళ్లతో సంపాదించిన నమ్మకం, రాష్ట్రంలో హైస్కూల్ కోచ్‌లతో తెగిపోని సంబంధాలు, ఇవన్నీ ఆ రెండేళ్లు ఆయన్ని మోశాయి. టైమ్ సంపాదించి పెట్టడమంటే ఇదే. పెయింటర్ ఆ టైమ్‌ని వృథా చేసుకోలేదు.

ఆయన తెచ్చుకునే కుర్రాళ్లను గమనించండి. 2015లో కేలబ్ స్వానిగన్ లాంటి పెద్ద పేరు ఉంది, నిజమే, మిస్టర్ బాస్కెట్‌బాల్ అయి, 2017లో బిగ్ టెన్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు, 2022లో చిన్న వయసులోనే పోయాడు, ఆ రాష్ట్రంలో అతన్ని ఇష్టపడనివాళ్లు లేరు. కానీ ఎక్కువమంది అలాంటివాళ్లు కాదు. న్యూ కాజిల్ నుంచి మేసన్ గిల్లిస్, హైస్కూల్‌లోనే మోకాలి గాయం, మొదటి ఏడాది ఆడనే లేదు. సిల్వర్ క్రీక్ నుంచి ట్రే కాఫ్‌మన్-రెన్, ఇండియానా కూడా గట్టిగా ప్రయత్నించిన కుర్రాడు, పర్డ్యూకి వచ్చి మొదటి ఏడాది మొత్తం బెంచి మీదే కూర్చుని శరీరం తయారు చేసుకున్నాడు. వెస్ట్‌ఫీల్డ్ నుంచి బ్రేడన్ స్మిత్, పొట్టివాడని పెద్ద యూనివర్సిటీలు అంతగా పట్టించుకోని కుర్రాడు, పర్డ్యూకి మాటిచ్చిన తర్వాత 2022లో మిస్టర్ బాస్కెట్‌బాల్ అయ్యాడు, 2025లో బిగ్ టెన్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. ఫోర్ట్ వేన్ హోమ్‌స్టెడ్ నుంచి ఫ్లెచర్ లోయర్. 2024 ఏప్రిల్‌లో పర్డ్యూ జాతీయ ఫైనల్‌కి వెళ్లినప్పుడు మొదటి అయిదుగురిలో స్మిత్, లోయర్, కాఫ్‌మన్-రెన్ ముగ్గురూ ఇండియానా హైస్కూళ్ల నుంచి వచ్చినవాళ్లు, బెంచి మీద నుంచి మొదట లేచేది గిల్లిస్. మధ్యలో టొరంటో నుంచి వచ్చిన జాక్ ఈడీ. కనెక్టికట్ చేతిలో 75-60తో ఓడిపోయారు, అది వేరే సంగతి. అంతకు ముందు ఏడాది ఇదే జట్టు ఫేర్లే డికిన్సన్ అనే చిన్న కాలేజీ చేతిలో మొదటి రౌండ్లోనే ఓడి దేశమంతా మాటలు పడింది. అయినా ఆ కుర్రాళ్లలో అసలైనవాళ్లు ఎక్కడికీ పోలేదు, అందరూ తిరిగొచ్చి ఫైనల్ దాకా వెళ్లారు. కోచ్ ఉద్యోగాన్ని కాపాడేది అలా తిరిగొచ్చే కుర్రాళ్లు.

మిల్లర్ తర్వాత వచ్చిన మైక్ వుడ్సన్ కథలో మీ ప్రశ్నకి ఇంకో ముఖ్యమైన సమాధానం ఉంది. ఆయన ఇండియానాపొలిస్ వాడు, ఇండియానా మాజీ ఆటగాడు, ఇంతకంటే సొంత మనిషి ఉండడు. 2022లో, 2023లో ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి తీసుకెళ్లారు. పర్డ్యూ చేతిలో వరుసగా తొమ్మిది ఓటముల తర్వాత 2022 జనవరిలో 68-65తో గెలిచారు, చివర్లో గెలిపించే మూడు పాయింట్ల బాస్కెట్ వేసింది రాబ్ ఫినిసీ, పర్డ్యూ ఉన్న ఊరికి ఆనుకునే ఉన్న లాఫయెట్ కుర్రాడు. 2023లో రెండు సార్లూ పర్డ్యూని ఓడించారు. బాగుంది. కానీ ఆ జట్లకి వెన్నెముక ఎవరు? ఫినిసీ, గాలోవే, అన్నిటికీ మించి నాలుగేళ్లు ఉండి 2023లో ఆల్ అమెరికన్‌గా, అంటే దేశంలోని ఉత్తమ కాలేజీ ఆటగాళ్లలో ఒకడిగా ఎంపికైన జాక్సన్-డేవిస్. వీళ్లంతా మిల్లర్ తెచ్చినవాళ్లు. మిల్లర్ వేసిన పంట వుడ్సన్ కోసుకున్నారు. ఇది నేరం కాదు, మిల్లర్‌ని తీసేసినప్పుడు వెళ్లిపోబోయిన జాక్సన్-డేవిస్‌ని ఒప్పించి ఆపింది వుడ్సనే, ఆ ఘనత ఆయనకివ్వాలి.

అయితే ఆయన సొంతంగా ఏం నాటారు? 2021 నుంచి 2024 దాకా హైస్కూల్ నుంచి వచ్చిన నాలుగు బృందాల్లో స్కాలర్‌షిప్ మీద నేరుగా ఇండియానా హైస్కూల్ నుంచి వచ్చింది లారెన్స్ నార్త్ కుర్రాడు సీజే గన్ ఒక్కడే, అతనూ తర్వాత డిపాల్‌కి మారిపోయాడు. మాంట్‌వెర్డ్ లాంటి ఫ్లోరిడా ప్రైవేట్ స్కూళ్ల నుంచి, వేరే కాలేజీల నుంచి మంచి ఆటగాళ్లే వచ్చారు, జేలెన్ హుడ్-షిఫీనో, కెల్లెల్ వేర్ ఎన్‌బీఏకి వెళ్లారు. అదే సమయంలో 2023 మిస్టర్ బాస్కెట్‌బాల్ మార్కస్ బర్టన్ నోటర్ డేమ్‌కి, 2024లో ఫ్లోరీ బిదుంగా కాన్సస్‌కి, 2025లో బ్రేలన్ మలిన్స్ కనెక్టికట్‌కి వెళ్లారు. జాక్సన్-డేవిస్ వెళ్లిపోగానే రెండేళ్లు టోర్నమెంట్ లేదు. ఇక అంతే, అసెంబ్లీ హాల్లోనే ఆయన్ని తీసేయమని అరుపులు మొదలయ్యాయి, 2025 ఫిబ్రవరిలో సీజన్ చివర తప్పుకుంటానని ప్రకటించారు. ఆ హాల్లో ఒకప్పుడు తన ఆటకి చప్పట్లు కొట్టించుకున్న మనిషికి అలా జరగడం నాకు ఏమాత్రం నచ్చలేదు.

మరి తెర వెనక ఇది ఎలా పనిచేస్తుంది? ఇక్కడ కాంట్రాక్టు సంగతి చూడాలి. మిల్లర్‌తో 2017లో ఏడేళ్ల కాంట్రాక్టు రాసుకున్నారు. 2021కి మూడేళ్లు మిగిలాయి. హైస్కూల్ కుర్రాడు నాలుగేళ్ల కోసం వస్తాడు, కోచ్‌కి మూడేళ్లే మిగిలాయంటే పోటీ యూనివర్సిటీల కోచ్‌లు ఆ కుర్రాడి ఇంట్లో కూర్చుని చెప్పే మొదటి మాట "నువ్వు డిగ్రీ చేతికి తీసుకునే నాటికి ఆయన అక్కడ ఉండడు" అని. కాబట్టి ఆ దశలో యూనివర్సిటీ క్రీడా విభాగాన్ని నడిపే అథ్లెటిక్ డైరెక్టర్‌కి రెండే దారులు: కాంట్రాక్టు పొడిగించాలి, లేదా మనిషిని మార్చాలి. గెలవని కోచ్‌కి పొడిగింపు ఇస్తే తీసేసేటప్పుడు కట్టాల్సిన డబ్బు ఇంకా పెరుగుతుంది. మిల్లర్‌కి కట్టాల్సి వచ్చింది కోటి 3 లక్షల డాలర్లు అని వార్తలొచ్చాయి. దాన్ని ప్రైవేట్ విరాళాలతోనే కట్టామని యూనివర్సిటీ చెప్పింది. అంటే కోచ్‌ని మార్చడానికి అంత డబ్బు ఇవ్వడానికి దాతలు సిద్ధపడ్డారు. సొంత రాష్ట్రం రిక్రూటింగ్ అసలు ప్రభావం ఇక్కడే ఉంటుంది: ఆ దాతల్లో చాలామంది ఇదే రాష్ట్రం వాళ్లు, వాళ్ల ఊరి కుర్రాడు జట్టులో ఉంటే ఇంకో ఏడాది చూద్దాం అంటారు. కానీ అదే ఊరి కుర్రాడు జట్టులో ఉండి కూడా పర్డ్యూ చేతిలో ఏడోసారి ఓడిపోతే కోపం రెట్టింపవుతుంది, ఎందుకంటే ఆటగాళ్లు లేరు అన్న సాకు ఇక మిగలదు. మిల్లర్ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే అని నేను గట్టిగా నమ్ముతాను. మూడు మిస్టర్ బాస్కెట్‌బాల్ బిరుదులు ఆయనకి కవచం కాలేదు సరికదా, ఆయన మీద చార్జిషీటుగా మారాయి.

2021 తర్వాత లెక్క ఇంకా మారిపోయింది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి ఆటగాడు ఒకసారి వేరే కాలేజీకి మారితే ఏడాది కూర్చోవాల్సిన పని లేదు, 2024 నుంచి చదువు సరిగా ఉంటే ఎన్నిసార్లైనా మారొచ్చు. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025-26 నుంచి కోర్టు సెటిల్‌మెంట్ ప్రకారం యూనివర్సిటీలే నేరుగా ఏడాదికి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా అన్ని ఆటల క్రీడాకారులకీ కలిపి పంచొచ్చు. ఇలాంటప్పుడు ఊరి అభిమానంతో కుర్రాడు వస్తాడు అనుకోవడం సగమే నిజం. హైస్కూల్ కుర్రాడి మీద పెట్టే చోటు, డబ్బు ఇరవై రెండేళ్ల వయసున్న అనుభవజ్ఞుడి మీద పెడదాం అని చాలామంది కోచ్‌లు అనుకుంటున్నారు, ఉద్యోగం టెన్షన్‌లో ఉన్నవాళ్లు మరీ ఎక్కువ. నా ఉద్దేశంలో అందుకే ఇంటి పిల్లల విలువ ఇంకోలా పెరిగింది. చిన్నప్పటి నుంచి ఆ జెర్సీ వేసుకోవాలని కలగన్న కుర్రాడు, ఆడే అవకాశం తక్కువైనా, కొంచెం ఎక్కువ కాలం ఓపిక పడతాడు. ఆంథొనీ లీల్ మొదటి మూడేళ్లలో పెద్దగా ఆడలేదు. ఎక్కడికీ పోలేదు. ట్రే గాలోవే కూడా అంతే, గాయాలైనా అయిదేళ్లూ అక్కడే. వీళ్ల మీద ఏ ర్యాంకింగ్ పట్టికా మార్కులు వేయదు, కానీ జట్టు లోపల కొత్తవాళ్లకి పద్ధతి నేర్పేది వీళ్లే. కోచ్ మారినా జట్టు చెల్లాచెదురు కాకుండా పట్టుకున్నదీ వీళ్లే.

ఇక డెవ్రీస్. ఆయన అయోవా వాడు, డ్రేక్ యూనివర్సిటీలో ఆరేళ్లుండి మూడు సార్లు టోర్నమెంట్‌కి తీసుకెళ్లి, వెస్ట్ వర్జీనియాలో ఒక్క ఏడాది చేసి, 2025 మార్చిలో ఇండియానాకి వచ్చారు. మొదటి సీజన్‌కి దాదాపు జట్టు మొత్తం కొత్తవాళ్లే, వేరే కాలేజీల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ, సొంత కొడుకు టక్కర్ కూడా అందులో ఒకడు. రాష్ట్రం కుర్రాడు అని చెప్పుకోవడానికి సాంటా క్లాజ్ అనే చిన్న ఊరి నుంచి ట్రెంట్ సిస్లీ ఉన్నాడు, వుడ్సన్ కాలంలో మాటిచ్చి కోచ్ మారినా నిలబడ్డవాడు. అంతమాత్రాన మొదటి ఏడాదే రాష్ట్రంలో ఎంతమందిని తెచ్చాడని లెక్కగట్టడం అన్యాయం. మార్చిలో వచ్చిన మనిషికి హైస్కూల్ మొదటి ఏడాది నుంచి పర్డ్యూతో మాట్లాడుతున్న కుర్రాడిని తిప్పుకోవడం అయ్యే పని కాదు. పెయింటర్ ఇరవై ఏళ్లుగా ఆ జిమ్‌లలో కూర్చుంటున్నారు, ఆయన సహాయకులకు తొమ్మిదో తరగతి పిల్లల అమ్మానాన్నల పేర్లు కూడా తెలుసు.

మీ తమ్ముడిని ఇవి చూడమనండి. ఒకటి, డెవ్రీస్ సహాయకులు శుక్రవారం రాత్రి ఫోర్ట్ వేన్‌లో, ఎవాన్స్‌విల్‌లో, గ్రేటర్ ఇండియానాపొలిస్ శివార్లలో కనిపిస్తున్నారా, అదీ అయిదు స్టార్ల ర్యాంకున్న కుర్రాడి మ్యాచ్‌కే కాక మామూలు మ్యాచ్‌లకు కూడా. ఇండియానా యూనివర్సిటీ మనుషులు పేరున్న కుర్రాడు ఆడేటప్పుడే వస్తారన్న మాట హైస్కూల్ కోచ్‌ల నోట నేను చాలాసార్లు విన్నాను, అది మారితే మొదట తెలిసేది వాళ్లకే. రెండు, రెండో ఏడాది చివర, మూడో ఏడాది చివర ఎంతమంది తిరిగి వస్తున్నారు. ప్రతి వసంతంలో జట్టు మొత్తం మారిపోతుంటే, ఎంత పేరున్నవాళ్లు వచ్చినా నాకు భయమే. మూడు, పర్డ్యూతో లెక్క. మొదటి రెండేళ్లలో ఒక్కటైనా గెలిస్తే రాష్ట్రంలో ఆయన మాట వినడం మొదలవుతుంది, ఆ గెలుపు పది ఇళ్ల తలుపులు తెరుస్తుంది. మిస్టర్ బాస్కెట్‌బాల్ ఎక్కడికి వెళ్లాడన్నది నేనైతే నాలుగో స్థానంలో పెడతాను. మూడో సీజన్ ముగిసేసరికి టోర్నమెంట్ ఆడలేదు, పర్డ్యూని ఓడించలేదు, జట్టులో ఇండియానా కుర్రాళ్లు ఇద్దరు కూడా లేరు అంటే, ఎంత పెద్ద కాంట్రాక్టు ఉన్నా ఆయన్ని పంపించేయడానికి దాతలు మళ్లీ చెక్కు బుక్కు తీస్తారు. జట్టులో నలుగురు రాష్ట్రం కుర్రాళ్లు ఉండి, వాళ్లలో ఇద్దరు మూడో ఏడు ఆడుతూ, ఆ ఏడాది ఏదో గాయాల వల్ల కొంచెం తగ్గిందనుకోండి, పెయింటర్‌కి 2014లో దొరికినట్టు ఆయనకీ ఇంకో రెండేళ్లు దొరుకుతాయి.